పదకొండింటి దాకా అన్‌లిమిటెడ్

మిరప కల్లంలో కాయ ఆరబెట్టడంలో ఏసుబాబుని మించిన మనిషి పర్చూరు చుట్టుపక్కల లేడని కల్లం ఆసామి మాలకొండయ్య గారే ఒప్పుకుంటారు. ఆయన ఊరికే ఎవరినీ ఒప్పుకునే రకం కాదు. గుప్పెడు కాయ తీసి చెవి దగ్గర ఆడించి, లోపల గింజ గలగలలాడే తీరుని బట్టి ఇంకెన్ని ఎండలు కావాలో ఏసుబాబు చెప్పేస్తాడు. అలాంటి చేతులకు కూతురికి జడ వెయ్యడం మాత్రం ముప్పయ్యారేళ్ళు వచ్చేదాకా తెలియదు. అదీ నేర్చుకున్నాడు. ఫోన్లో చూసి నేర్చుకున్నాడు. నేర్పింది అతని భార్య జెస్సీ, కువైట్ నుంచి.

ఇంటికి స్లాబు వేసుకుందామని వెళ్ళింది జెస్సీ. ఒక అరబ్బు ఇంట్లో వంటపని. అగ్రిమెంటు రెండేళ్ళు. రెండేళ్ళు ఎంతలోకి, కళ్ళు మూసి తెరిచేలోగా అయిపోతాయని చర్చిలో అందరూ ధైర్యం చెప్పారు. ఈ మాట చెప్పేవాళ్ళని ఒక్కొక్కరినీ తీసుకొచ్చి ఏసుబాబు ఇంట్లో ఒక్క సాయంత్రం కూర్చోబెట్టాలి. కల్లం నుంచి రాగానే గుమ్మంలో నిలబడి "జెస్సీ, నీళ్ళు" అంటాడు. అనేశాక గుర్తొస్తుంది. తనే లోపలికెళ్ళి ముంచుకుంటాడు. ఆమె వెళ్ళి ఇరవై నెలలైంది, స్లాబు కూడా పడింది, నోటికి ఆ అలవాటు మాత్రం పోలేదు.

మొదట్లో ఫోను సాయంత్రం పది నిమిషాలే. ఆ పది నిమిషాల్లో ఎనిమిదేళ్ళ శాంతి స్కూలు కబుర్లు చెప్పడానికే ఏడు పోయేవి. మిగతా మూడింట్లో మొగుడూ పెళ్ళాం ఏం మాట్లాడుకుంటారు? తిన్నావా అంటే తిన్నా, ఎట్టున్నావు అంటే బానే ఉన్నా. ఫోను పెట్టేశాక గుండెల నిండా అన్నీ చెప్పని మాటలే.

కిందటి డిసెంబరులో ఏసుబాబు ఎరువుల కొట్టు పని మీద పర్చూరు వెళ్ళాడు. బస్టాండు ముందు రంగుల గొడుగు కింద ఉదయ్ కుమార్ అనే పాతికేళ్ళవాడు సిమ్‌లు అమ్ముతున్నాడు.

"రా అన్నా. కొత్త ప్లాను. మూడు నెలలు అంతా అన్‌లిమిటెడ్."

"అంటే?"

"అంటే అయిపోవడం అనేది ఉండదు."

ఏసుబాబు తెలివితక్కువవాడేం కాదు. తరచి అడిగాడు. "నేను కువైట్‌కి వీడియో కాల్ చేసుకోవాలయ్యా. ఎంతసేపు వస్తది?"

"పొద్దున పెట్టి పొద్దుగూకేదాకా ఉంచుకో. నిన్నడిగేదెవరు?"

"మధ్యలో ఆగదుగా?"

"ఆగే ప్రసక్తే లేదన్నా. నాది గ్యారంటీ."

గొడుగుకి కట్టిన బ్యానరు మీద అన్‌లిమిటెడ్ అన్న మాట చివర చిన్న నక్షత్రం గుర్తు ఉంది. క్రిస్మస్ నెల కదా, వీళ్ళు కూడా స్టారు పెట్టారు అనుకున్నాడు ఏసుబాబు. వాళ్ళ పేటలో ప్రతి ఇంటి ముందూ ఒకటి వేలాడుతోంది మరి. మంచి శకునంలా తోచి, వేలిముద్ర వేసి సిమ్ తీసుకున్నాడు.

అప్పటినుంచి ఆ ఇంట్లో కొత్త అలవాటు మొదలైంది. పొద్దున ఏడున్నరకి, అంటే కువైట్‌లో అయిదింటికి, జెస్సీ లేచి ఫోను కలుపుతుంది. అక్కడ వంటింట్లో బియ్యం డబ్బాకి ఫోను ఆనించి పెట్టుకుంటుంది. ఇక్కడ ఏసుబాబు కిటికీలో పెడతాడు.

"ఏం మాట్లాడొద్దు మావా," అంది మొదటి రోజే. "ఊరికే ఉంచు. ఇంటి చప్పుడు వింటా."

శాంతి పళ్ళు తోముకోవడం, కోళ్ళు, చీపురు, పక్కింటి ఖుర్షిదా బిందె కోసం కేకెయ్యడం, అన్నీ వినేది. జడ వేసేటప్పుడు మాత్రం చేతిలో పని ఆపి చూసేది. "మూడు పాయలూ సమానంగా తీయి. చివర్న లాగి కట్టు. లాగితే అది ఏడవదులే, నాకు తెలుసు." చూస్తూ చూస్తూ ఒక్కోసారి ముఖం పక్కకి తిప్పుకునేది. ఉల్లిపాయలు కోస్తున్నా అనేది. ఉల్లిపాయలు ఎక్కడా కనపడేవి కావు.

ఫిబ్రవరి వచ్చి కల్లాలు మొదలయ్యాయి. కల్లం కాపలా అంటే పొద్దస్తమానం అక్కడే ఉండడం, కాయ తిరగెయ్యడం, మళ్ళీ కూర్చోవడం. శాంతిని బడికి పంపి, ఏసుబాబు ఫోను ఆపకుండానే జేబులో వేసుకుని కల్లానికి పోయి, కాయ మీద కప్పే పట్టాల మూట మీద నిలబెట్టేవాడు. ఎర్రగా పరుచుకున్న కాయ చూసి "కంటికి చల్లగా ఉంది మావా, ఇక్కడ ఎటు చూసినా ఇసక రంగే" అనేది జెస్సీ. అతను ఘాటుకి తుమ్మితే అక్కడ నవ్వేది. ఎండలో ఒక్కడే కూర్చున్నా ఒక్కడే అనిపించేది కాదు. పెళ్ళైన కొత్తలో కూడా వాళ్ళు అంతసేపు ఎదురెదురుగా గడపలేదు.

వచ్చిన తంటా ఒక్కటే. పదకొండు అయ్యేసరికి బొమ్మ బిగుసుకుపోయేది. గుండ్రంగా ఏదో తిరిగేది. తర్వాత పోయేది. మళ్ళీ చేస్తే ఎంతసేపటికీ ఎత్తేది కాదు. ఆమె చేస్తే ఇక్కడ మోగేదే కాదు.

మొదటి రెండు రోజులూ టవర్ని తిట్టుకున్నారు. మూడో రోజు జెస్సీ అడిగింది. "నెట్ అయిపోతందేమో మావా?"

"నాది అయిపోదు. అన్‌లిమిటెడ్. నీ వైపే ఏందో చూసుకో."

"మా మేడం వైఫై ఇల్లంతా వస్తది. నీ వైపే."

ఇద్దరూ నిజమే చెప్పారు, ఎవరికి తెలిసిన నిజం వాళ్ళు. ఇక మిగిలిందేమిటి? అయిపోనిది ఆగిందంటే మనిషే ఆపి ఉండాలి. మరుసటి వారం జెస్సీ మెల్లగా అంది. "విసుగొస్తే చెప్పు మావా. చెప్పకుండా ఆపేస్తావెందుకు?" ఏసుబాబుకి మండింది. "ఆపేది నువ్వు. పదకొండింటికల్లా నీకేదో పని గుర్తొస్తది." అన్న తర్వాత నాలుక కరుచుకున్నాడు. అన్న మాట అక్కడికి చేరనే చేరింది. చేరకూడని మాటలకి మాత్రం నెట్ ఎప్పుడూ బాగానే ఉంటుంది, ఖర్మ.

ఆ మధ్యలో రోజూ ఇంగ్లీషులో మెసేజి ఒకటి వచ్చేది. కంపెనీవాళ్ళ మెసేజిలన్నీ ప్రకటనలే అని ఏసుబాబు తెరవలేదు. మనలో ఎవరు తెరుస్తున్నారు గనక?

కోత పండుగకి ముందురోజు, శనివారం. కువైట్‌లో సెలవు. మేడం వాళ్ళు ఇంకా లేవలేదు. కల్లంలో కాయ తిరగేసి ఏసుబాబు నీళ్ళు తాగుతుంటే జెస్సీ ఫోను దగ్గరికి జరిగింది. గొంతు తగ్గించింది.

"మావా, మేడం నిన్న కాగితం ఇచ్చింది. జూన్ తర్వాత ఇంకో రెండేళ్ళు ఉంటావా అంటంది. సాయంత్రానికి చెప్పాలంట. మనకి స్లాబు పడింది. నాకైతే ఇంక..." ఆగింది. "నువ్వు చెప్పు. వచ్చెయ్యమంటావా?"

ఏసుబాబు చెంబు కింద పెట్టాడు. ఇరవై నెలలుగా ఆ ప్రశ్న కోసమే బతుకుతున్నాడు. తలగుడ్డ తీసి ముఖం తుడుచుకుని, ఫోను రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"వచ్చెయ్ జెస్సీ," అన్నాడు. "ఇంక చాలు. వచ్చెయ్."

జెస్సీ అలాగే చూస్తోంది. నవ్వలేదు. రెప్ప కూడా కదల్లేదు. అతను ఇంకోసారి అన్నాడు. ఆ ముఖం అలాగే ఉండి, ఉండి, ఫోను కట్టయిపోయింది.

విని కూడా ఏమీ అనకుండా పెట్టేసింది అనుకున్నాడు. రావడం ఇష్టం లేదు, ఊరికే నా నోటితో అనిపించుకుందామని అడిగింది అనుకున్నాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. సాయంత్రం దాకా ఎదురుచూశాడు. తనే చెయ్యాలి గానీ నేనెందుకు బతిమాలాలి అని మొండికేశాడు. ఆ మొండితనం మాత్రం ఏ కంపెనీ అమ్మింది కాదు, అతని సొంతం.

ఆదివారం ఏడున్నరకి ఫోను మోగింది. జెస్సీ కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఇద్దరూ శాంతితోనే మాట్లాడారు గానీ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. జడలు, తెల్ల రిబ్బన్లు, కొత్త గౌను, చర్చికి నడక, అన్నీ తండ్రీకూతుళ్ళు చూపించారు. కోత పండుగ నాడు వాళ్ళ చర్చిలో ఎవరి పంటలోంచి వాళ్ళు మొదటి కానుక తెచ్చి బల్ల ముందు పెడతారు. గుమ్మడికాయలు, పత్తి బుట్ట, కోడిపుంజు, ఏసుబాబు కూలి కింద వచ్చిన కాయలోంచి తెచ్చిన మిరపకాయ మూట. ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. అంతకుముందు సండే స్కూలు పిల్లల పాటలు. శాంతి ఒక్కతే నిలబడి ఒక చరణం పాడాలి. నెలరోజులుగా జెస్సీయే అక్కడినుంచి ఆ చరణం నేర్పింది.

పాస్టరు గారి ప్రసంగం పొడుగు సాగింది. పదకొండుంపావుకి శాంతి లేచింది. ఏసుబాబు ఫోను ఎత్తి పట్టుకున్నాడు. తెర మీద జెస్సీ ముఖం సగం తిప్పి బిగుసుకుపోయి ఉంది. పిల్ల మాత్రం ఆ ఫోనులోకే చూస్తూ చరణం మొత్తం పాడింది, అమ్మ వింటోందనుకుని.

వేలం మొదలయ్యాక ఏసుబాబు బయటికొచ్చి వేపచెట్టు కింద నిలబడి ఫోను పొడుస్తుంటే, సండే స్కూలు టీచరు లిడియా వచ్చింది. ఒకసారి ఇటివ్వన్నా అని తీసుకుంది.

"అన్నా, నీ డేటా అయిపోయింది. రోజుకి ఒకటిన్నర జీబీయే నీకు."

"నాది అన్‌లిమిటెడ్ టీచరమ్మా."

"మాటలు అన్‌లిమిటెడ్. అవి కూడా మన దేశంలోపలే. నెట్ అయితే అంతే, ఆపైన వస్తది గానీ నత్తలాగా. ఇదిగో, రోజూ నీకు చెప్తానే ఉన్నారు." మెసేజిలు పైకి జరిపింది. "ఇది ఇవాళ్టిది. పదకొండూ పద్నాలుగు. ఇది నిన్న, శనివారం. పదిగంటల యాభై ఎనిమిది."

పదిగంటల యాభై ఎనిమిది. ఏసుబాబు చెంబు కింద పెట్టి, ముఖం తుడుచుకున్న ఆ కాస్త సమయం కళ్ళముందు తిరిగింది. అతను వచ్చెయ్ అన్నది కదలని బొమ్మతో.

లిడియా తన ఫోన్లోంచి నెట్ ఇచ్చింది. ఒక్క రింగుకే జెస్సీ ఎత్తింది. అతను పాట సంగతి కూడా చెప్పలేదు.

"జెస్సీ, నేను కట్ చెయ్యలేదు. నువ్వూ చెయ్యలేదు. నెట్ అయిపోయింది. నిన్న నేను వచ్చెయ్ అన్నా."

జెస్సీ ఫోను ముఖానికి దగ్గరగా తెచ్చుకుంది.

"ఎప్పుడన్నావు?"

"నువ్వడిగావే, అప్పుడే. రెండుసార్లు అన్నా."

"నాకు వినపళ్ళా మావా," అంది జెస్సీ. "నువ్వు తలగుడ్డ తీశావు. అంతే, ఆగిపోయింది. చెప్పడం ఇష్టం లేక ఆపేశావనుకున్నా. సాయంత్రం దాకా చూశా." గొంతు చిన్నదైపోయింది. "సంతకం పెట్టేశా. సారు పొద్దున్నే కాగితం ఆఫీసుకి తీసుకెళ్ళాడు."

చర్చి లోపల గుమ్మడికాయ వేలం జోరుగా సాగుతోంది. ఎవరో పెంచినట్టున్నారు, జనం నవ్వుతున్నారు.

ఆ మధ్యాహ్నమే ఏసుబాబు పర్చూరు వెళ్ళాడు. గొడుగు కింద ఉదయ్ కుమార్ ఎవరి దగ్గరో అదే పాట పాడుతున్నాడు. అతను గుర్తుపట్టి, విని, బ్యానరు చివర నక్షత్రం చూపించి, కింద చీమతలకాయంత అక్షరాలు చూపించాడు.

"ఆగిపోలేదుగా అన్నా. నిదానంగా వస్తానే ఉంటది. మేం అబద్ధం చెప్పలేదు."

ఏసుబాబు అతని వంక చూశాడు. కొడదామనే వచ్చాడు నిజానికి. "నీకు పెళ్ళయిందా?" అని అడిగాడు.

"లేదన్నా."

"అయితే నీకు చెప్పినా అర్థం కాదులే," అని వెనక్కి తిరిగాడు.

సోమవారం పొద్దున ఏడున్నరకి ఫోను కలిసింది. ఇప్పుడు ఇద్దరికీ లెక్క తెలుసు. కల్లంలో పెట్టొద్దు, పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట అనుకున్నారు. పొద్దున గంట ఎప్పుడో జెస్సీయే ఎంచుకుంది. శాంతి జడ వేసేటప్పుడు.

ఏసుబాబు గుమ్మంలో కూర్చుని, పిల్లని ముందు కూర్చోబెట్టుకుని, నూనె రాసి, పాపిడి తీసి, రెండు జడలూ వేసి రిబ్బన్లు కట్టాడు. గడియారం చూశాడు. ఇంకా పావుగంట ఉంది. జెస్సీ కూడా చూసినట్టుంది.

"మావా, ఎడమ జడ వంకరొచ్చింది," అంది.

శాంతి తడుముకుని చూసింది. "బానే ఉందిగా అమ్మా."

ఏసుబాబు కూడా చూశాడు. జడ దారం పట్టి గీసినట్టు తిన్నగా ఉంది. ఇరవై నెలల్లో అంత బాగా ఎప్పుడూ కుదరలేదు.

"అవును, వంకరగానే ఉంది," అని రిబ్బను విప్పి, పాయలు విడదీసి, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు.