రెండు చెంచాల ఇసబ్‌గోల్, రెండు గుక్కల నీళ్ళు

1955 ఏప్రిల్‌లో నన్ను ఏలూరు ఆస్పత్రి ప్రసూతి వార్డు నుంచి కొల్లేటి లంకల్లోని ఒక మాతాశిశు సంక్షేమ కేంద్రానికి హెల్త్ విజిటర్‌గా వేశారు. ఊరి పేరు రాయను. అక్కడివాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు. ఇంటర్మీడియెట్ తరువాత హెల్త్ విజిటర్ ట్రైనింగు పూర్తిచేసి అప్పటికి ఏడాది. ఉద్యోగం ఇంకో రెండేళ్ళు చేశాను. పెళ్ళయి తాడేపల్లిగూడెం వచ్చాక, పాప కడుపులో ఉండగా రాజీనామా ఇచ్చాను. పాపకిప్పుడు అయిదో నెల.

ఈ మధ్య గూడెం బజారులో ఇసబ్‌గోల్ పొట్టు బాగా అమ్ముతున్నారు. మా వీధిలో ఇద్దరు బాలింతలు వేసుకోవచ్చా అని నన్ను అడిగారు. వాకిట్లో నిలబడి రెండు ముక్కల్లో చెప్పటానికి నాకు భయం వేసింది. అలా రెండు ముక్కల్లో చెప్పి ఏం చేశానో నాకు తెలుసు. అందుకని పాప పడుకున్నాక కూర్చుని ఇది రాస్తున్నాను.

హెల్త్ విజిటరంటే నర్సూ కాదు, డాక్టరూ కాదు. గర్భిణులనూ బాలింతలనూ ఇళ్ళకు వెళ్ళి చూడాలి, బిడ్డలను తూయాలి, జ్వరం, నాడి రాసుకోవాలి, చేయి దాటిన కేసును ఆస్పత్రికి పంపాలి. కుట్లు వేయకూడదు, సూదిమందు డాక్టరు ఆర్డరు లేకుండా ఇవ్వకూడదు. చిన్న మందులు కొన్ని మాత్రం మా చేతి మీదుగా ఇవ్వవచ్చు. వాటిలో ఇసబ్‌గోల్ పొట్టు ఒకటి. పాతవాళ్ళు ఇసపగాల అనే గింజల పైపొర అది.

ఆ పొట్టు మీద నాకు గురి ఉండేది. ఆముదం పడితే కడుపులో మెలిపెట్టి నొప్పి వస్తుంది. ఆకుమందుల విరేచనకారులు కొన్ని పాలలోకి దిగి పసివాళ్ళకు కూడా విరేచనాలు చేయిస్తాయి. ఇసబ్‌గోల్ అలా కాదు. అది అరగదు, రక్తంలోకి పోదు. నీటిని పట్టుకుని ఉబ్బి, మలాన్ని మెత్తగా ఉంచుతుంది. మొలలతో ఏడ్చుకుంటూ వార్డుకు వచ్చిన గర్భిణులు వారం తిరగకుండా తేలికపడటం నేను కళ్ళారా చూశాను. ఇంత సాధువైన మందు ఇంకొకటి లేదనుకున్నాను.

ఆ నెలాఖరున ముత్యాలు కార్డు నాకు వచ్చింది. పందొమ్మిదేళ్ళ పిల్ల, తొలిచూలు, చేపలు పట్టుకునే ఇల్లు. కాన్పు కష్టమై ఏలూరు తీసుకుపోయారు. మగపిల్లవాడు. కింద బాగా చీరుకుపోతే లేడీ డాక్టరుగారే కుట్లు వేసి, అయిదో రోజున ఇంటికి పంపారు. కార్డు మీద ఆవిడ ఒకటే రాశారు: ముక్కితే కుట్లు తెగుతాయి, విరేచనం గట్టిపడకుండా చూడాలి.

ఆ రోజే వెళ్ళి పొట్టు పొట్లం ముత్యాలు అత్త వెంకమ్మ చేతికిచ్చాను. రోజూ పడుకోబోయే ముందు రెండు చెంచాలు నీళ్ళలో కలిపి ఇవ్వమన్నాను. ఆవిడ పొట్లం విప్పి, చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపింది.

“ఇదేటండి, తవుడా? తవుడు గేదెలకేత్తాం కదండీ. మా కోడలికి కూడానా?”

ముత్యాలు నవ్వబోయి కుట్లు లాగి మూలిగింది. నేనూ నవ్వాను. ఎన్ని నీళ్ళలో అన్నది చెప్పలేదు.

కాన్పయిన ఎనిమిదో రోజున మళ్ళీ వెళ్ళాను. జ్వరం లేదు, బిడ్డ పాలు తాగుతున్నాడు. మందు వేస్తున్నారా అని అడిగితే, ఒక్క రోజు కూడా మానలేదని వెంకమ్మ చెప్పింది. విరేచనం ఇంకా కాలేదన్నారు. అవుతుందిలెండి, రెండు రోజులు చూడండని వచ్చేశాను.

పదకొండో రోజు పొద్దున్నే ముత్యాలు భర్త రాఘవులు కేంద్రానికి పరుగెత్తుకొచ్చాడు. “కడుపు ఉబ్బిపోయిందండి. తాగిందల్లా కక్కేత్తందండి” అన్నాడు.

వెళ్ళి చూస్తే పొట్ట బిగిసిపోయి ఉంది. చెయ్యి వేస్తే అరిచింది. నాలుక ఎండి తోలులా ఉంది, నాడి నూట ఇరవై. ముందురోజు నుంచి గాలి కూడా పోలేదట. పొట్ట ఉబ్బి, వాంతులై, కిందికి ఏదీ పోనప్పుడు విరేచనాల మందు ముట్టకూడదని మాకు ట్రైనింగులో మళ్ళీ మళ్ళీ చెప్పేవారు. పేగు మూసుకుపోయి ఉంటే మందు దాన్ని చీలుస్తుంది. వెంకమ్మ గిన్నెలో ఆముదం కాచి సిద్ధంగా పెట్టింది. దాన్ని పక్కకు పెట్టించి, దోనె కట్టమన్నాను.

అది కాలువలకు నీళ్ళు కట్టేసిన నెల. కొల్లేరు వెనక్కి తీసి, మిగిలిన నీరు ఉప్పు తిరిగి ఉంది. మంచినీళ్ళు దూరపు చెరువు నుంచి పడవ మీద కుండలతో రావలసిందే. దోనెలో ముత్యాలును పడుకోబెట్టి, బిడ్డను నా ఒళ్ళో పెట్టుకున్నాను. వెంకమ్మ కూడా ఎక్కింది. సగం దూరం పోయేసరికి దోనె బురదలో దిగబడింది. రాఘవులు నడుము లోతు దిగి నెట్టటం మొదలుపెట్టాడు. ఎండ ఎక్కుతోంది. బిడ్డ ఏడ్చి ఏడ్చి గొంతు పోయి ఊరుకున్నాడు. ఆ ఊరుకోవటం నన్ను ఇంకా భయపెట్టింది.

ముత్యాలు పెదవులు తడుపుదామని నా సీసాలో నీళ్ళతో గుడ్డ తడిపాను. వెంకమ్మ నా చెయ్యి పట్టుకుంది.

“బాలింతకి నీళ్ళా అమ్మగారూ?”

అప్పుడు అడిగాను, కాన్పయి ఇంటికొచ్చినప్పటి నుంచి ఎన్ని నీళ్ళు ఇచ్చారని.

“పత్తెం కదండీ. పొద్దున్నో మారు సొంటి కషాయం, అన్నంలోకి కారప్పొడి. నీళ్ళెక్కువిత్తే పొట్ట జారిపోద్దండి.”

“మరి పొట్టు దేనితో ఇచ్చారు?”

“రెండు గుక్కల నీళ్ళేసి ముద్దలా కలిపానండి. రెండు చెంచాలకి కదల్లేదని మొన్నటి నుంచి నాలుగేత్తన్నాను. మీ మందని ఒక్క పూట మానలేదండి.”

ముత్యాలు కళ్ళు తెరవకుండానే అంది: “బిడ్డని తుడిచిన తడిగుడ్డ సీకేదాన్నండి, అత్త సూడకుండా.”

పథ్యం సంగతి నాకు తెలియనిది కాదు. మా ఇంట్లో మా పిన్నికి కూడా అలాగే నీళ్ళు కొలిచి ఇచ్చేవారు. అయినా పొట్లం చేతికిచ్చిన నిమిషాన అది నాకు తట్టలేదు. పుస్తకంలో “తగినంత నీటితో” అని చదివి పరీక్షలో రాశాను. బాలింతకు తగినంత నీరు ఇవ్వని ఇంట్లో నిలబడి, ఆ మాట మింగేశాను.

దోనె కదిలింది. ఒడ్డున ఎద్దుబండి దొరికింది. ఏలూరు చేరేసరికి మధ్యాహ్నం రెండయింది.

లేడీ డాక్టరుగారు పొట్ట నొక్కి చూసి, గొట్టం పెట్టి విని, ఏ మందు వేశారని అడిగారు. ఆవిడ అడిగింది వెంకమ్మను. వెంకమ్మ నా వంక చూసింది. ఆ పొట్లం సంగతి పూర్తిగా చెప్పగలిగింది మా ఇద్దరమే. చెప్పకపోతే పేగు మెలిపడిందనుకుని పొట్ట కోసేవారేమో. చెప్పాను. రోజులూ, చెంచాలూ, నీళ్ళూ అన్నీ చెప్పాను.

“ఎన్ని నీళ్ళతో ఇవ్వాలో చెప్పావా?”

“చెప్పలేదండి.”

ఆవిడ చేతికి తొడుగు వేసుకుని లోపల పరీక్ష చేశారు. పెద్దపేగు చివర గట్టి బంక ముద్దలా అడ్డం పడి ఉందన్నారు. ముందు సెలైన్ ఎక్కించాలి, తరువాత వెచ్చని నూనె ఎనిమా ఇచ్చి, ముద్దను కొంచెం కొంచెంగా వేలితో తీయాలి. ఆరు గంటలకల్లా దారి తెరుచుకోకపోతే సర్జనుగారు ఆపరేషను చేస్తారు. అంత నీరసంలో ఆపరేషను తట్టుకుంటుందని తాను చెప్పలేనని రాఘవులుతో సూటిగానే చెప్పారు. అతను తల ఊపి, గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

సీసా నుంచి గొట్టంలోకి చుక్కలు పడటం చూసి వెంకమ్మ ఉండబట్టలేకపోయింది.

“సూదిలోంచి నీళ్ళెక్కిత్తన్నారా అమ్మా? బాలింతకా?”

“నోట్లోంచి మీరిచ్చుంటే నాకీ సూది పనుండేది కాదమ్మా” అన్నారు డాక్టరుగారు.

నూనె నానటానికి గంట పట్టింది. ఆ గంటలో డాక్టరుగారు నన్ను గదిలోకి పిలిచి, ఒక గాజు గ్లాసూ, ఇసబ్‌గోల్ డబ్బా బల్ల మీద పెట్టించారు.

“కాలేజీలో చదివావుగా. దీన్ని నీళ్ళలో వేస్తే ఏమవుతుందో ఎప్పుడైనా చూశావా?”

చూడలేదు. రెండు చెంచాలు వేసి, రెండు గుక్కల నీళ్ళు పొయ్యమన్నారు. పది నిమిషాలయ్యాక గ్లాసు బోర్లించమన్నారు. బోర్లించాను. ఏమీ పడలేదు. ఊపాను. పడలేదు. చెంచాతో పెకలించవలసి వచ్చింది.

“గొంతులోనే ఇలా అయిపోయి ఊపిరాడనివాళ్ళను చూశాను నేను. ఈ పిల్లకు పేగు చివరిదాకా వచ్చి ఆగింది. పెద్ద గ్లాసు నిండా కలిపి ఉబ్బకముందే తాగాలి. దాని మీద ఇంకో గ్లాసు మంచినీళ్ళు తాగాలి. రోజంతా కూడా నీళ్ళు పడాలి. ఈ పొట్టుకు నీరు ఇవ్వకపోతే అది పేగులో ఉన్న నీరు కూడా లాగేసుకుంటుంది” అన్నారు.

అయిదున్నరకు పని మొదలుపెట్టారు. నేను దీపం పట్టుకున్నాను. ముత్యాలు అరుపులు ఆపుకోవటానికి చీరకొంగు పళ్ళ మధ్య పెట్టుకుంది. ఆరయింది. సర్జనుగారి దగ్గరకు మనిషిని పంపాలా అని వార్డు నర్సు అడిగింది. డాక్టరుగారు పది నిమిషాలు ఆగమన్నారు. ఆ పది నిమిషాల్లో ముద్ద విడివడింది. మూడుసార్లు ఎనిమా ఇచ్చాక పొట్ట దిగింది. కుట్లు రెండు తెగాయి. మళ్ళీ వేశారు. ముత్యాలు తేరుకునేదాకా రెండు రోజులు బిడ్డకు వార్డులోని ఇంకో తల్లి పాలిచ్చింది.

నా మీద రిపోర్టు వెళ్ళింది, సంజాయిషీ అడిగారు. జరిగింది జరిగినట్టు రాశాను. హెచ్చరికతో వదిలిపెట్టారు.

ముత్యాలును చేర్చిన మూడో రోజున వార్డు వరండాలో వెంకమ్మ నన్ను అడిగింది, “నేనే చేశానంటారా అమ్మగారూ?”

కాదన్నాను. నీళ్ళ సంగతి చెప్పవలసింది నేనన్నాను.

“మీరు చెప్పినా ఇచ్చేదాన్ని కాదండి. పత్తెం తప్పిత్తానా? కానీ అంత నీళ్ళతో ఇవ్వాలని తెలిత్తే, ఆ పొట్టు కూడా ఇచ్చేదాన్ని కాదండి.”

ఈ మాట ఏ డాక్టరూ నాకు చెప్పలేదు. నేను చెప్పినదాంట్లో సగమే ఆవిడకు అందింది. ఆ సగాన్ని ఆవిడ నాకంటే నమ్మకంగా పాటించింది. అసలు పాటించకపోతే ముత్యాలుకు మలబద్ధకం మాత్రమే ఉండేది.

ఇసబ్‌గోల్ మీద నాకు నమ్మకం పోలేదు. పాప పుట్టాక నేనూ వేసుకున్నాను. అయితే మింగటానికి ఇబ్బందిపడే ముసలివాళ్ళకూ, వాంతులూ కడుపునొప్పీ ఉన్నవాళ్ళకూ ఇవ్వకూడదు. వేరే మాత్రలతో కలిపి ఒకేసారి వేసుకోకూడదు. నాలుగు రోజులైనా పని చేయకపోతే మోతాదు పెంచకూడదు, డాక్టరుకు చూపించాలి.

ఆ తరువాత ఉద్యోగం చేసినన్నాళ్ళూ పొట్లం ఇచ్చేముందు ఆ ఇంట్లో మంచినీళ్ళ కుండ ఎవరి ఆజ్ఞలో ఉందో అడిగి, వాళ్ళతో మాట్లాడేదాన్ని. మొదటి మోతాదు నా ఎదుటే కలిపించి, మీద ఇంకో గ్లాసు తాగించేదాన్ని. బాలింతకు అన్ని నీళ్ళు ఇవ్వలేమన్నవాళ్ళతో వాదించేదాన్ని. అయినా ఒప్పుకోకపోతే పొట్లం సంచిలో పెట్టుకుని వచ్చేసేదాన్ని.