చెయ్యి నేర్పిన మాట

తెల్లాపూర్‌లో రోడ్డు పక్క బండి మీద పల్లీలు ఉడుకుతున్న వాసన వచ్చినప్పుడల్లా నాకు యాదమ్మ గుర్తొస్తుంది. మా అపార్ట్‌మెంట్ కింది అంతస్తులోని క్రెష్‌లో ఆమె ఆయా. ఆ ఊరి మనిషే. ఇప్పుడు టవర్లు లేచిన నేలలో ఒకప్పుడు కూలికి కలుపు తీసింది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి మా నిత్య ఆమె ఒళ్లో కూర్చుని పల్లీలు ఒలుచుకుంటూ ఉండేది.

నిత్యకు ఐదేళ్లప్పుడు మా బ్లాకులోకి సూడాన్ నుంచి ఒక కుటుంబం వచ్చింది. వాళ్ల అబ్బాయి ఇద్రీస్ కూడా క్రెష్‌లో చేరాడు. ఒక సాయంత్రం పిల్లలంతా చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతుంటే, నిత్య వాడి చెయ్యి వదిలేసి అరచేతిని గౌనుకు తుడుచుకుంది. "నలుపు అంటుకుంటుంది" అంది. గుమ్మంలో ఇద్రీస్ తల్లి నిలబడి ఉంది. తెలుగు రాకపోయినా ఆ తుడుచుకోవడం ఆమెకు అర్థమైంది. నేను సిగ్గుతో నిత్య నోరు మూసి, ఎత్తుకుని, వెనక్కి చూడకుండా వచ్చేశాను.

మర్నాడు యాదమ్మ నన్ను ఆపింది.

"నిన్న గట్ల ఉరికినవేంది బిడ్డా? పిల్లను దూరం గుంజుకపోయినవనుకోదా ఆమె?"

"ఎక్కడ నేర్చుకుందో తెలియదు యాదమ్మా. మా ఇంట్లో ఎవరం అలా మాట్లాడం."

"నోటితోటి అనకపోవచ్చు. మొన్న ఆ పిలగాని నాయన లిఫ్టు ఎక్కంగనే పిల్ల చెయ్యి పట్టి ఇవతలికి గుంజినవ్. నేను గాడనే ఉన్న."

కాదనబోయాను. యాదమ్మ గొంతు తగ్గించింది. "నేను గూడ తక్కువదాన్ని గాదు. ఎండల ఆడితే కర్రెగైతరని పిల్లలను బెదిరించిన. చిన్నప్పుడు నన్ను కర్రెదానా అంటే ఏడ్చినదాన్నే, మల్ల నేనే అన్న. ఇగ పా, వాళ్లింటికి పోదాం."

నిత్యను వెంటబెట్టుకుని వెళ్లి వాళ్ల తలుపు కొట్టాను. పక్కన యాదమ్మ లేకపోతే వెనుదిరిగేదాన్ని. తప్పు పాపది కాదు, నాదేనని ఇంగ్లీషులో చెప్పాను. ఇద్రీస్ తల్లి నవ్వలేదు, లోపలికి రమ్మనలేదు. "మీ పాపకు మీరు చెప్పుకోండి. వెళ్లిన ప్రతిచోటా అందరికీ నేర్పడం నా కొడుకు పని కాకూడదు" అని తలుపు వేసింది.

"రంగు నిజంగా అంటుకోదా?" అంది నిత్య, మెట్ల దగ్గరే. నా చెయ్యి మళ్లీ దాని నోటి మీదికి పోబోయింది. యాదమ్మ అడ్డుకుంది. "అడగనియ్యి. నోరు మూస్తే కడుపుల ఉంటది." తన నల్లటి చెయ్యి చాపింది. "రుద్దు. అంటిందా?"

కొన్ని నెలలకు ఆ కుటుంబం ఇల్లు ఖాళీ చేసింది. మా వల్లేనా? నాకు ఇప్పటికీ తెలియదు. మోకాళ్ల నొప్పులు ఎక్కువై యాదమ్మ కూడా పని మానేసింది.

నిత్యకిప్పుడు పన్నెండేళ్లు. పోయిన వారం బడి నుంచి వచ్చి, తరగతిలో కొత్తగా చేరిన మణిపూర్ అమ్మాయిని అందరూ 'చైనా' అని పిలుస్తున్నారని చెప్పింది.

"నువ్వేమన్నావు?"

"ఏమీ అనలేదమ్మా. అంటే నన్నూ ఏడిపిస్తారు."

మాట మార్చేయాలనిపించింది. మార్చలేదు. "భయమేసిందా?" అన్నాను. తలూపింది. "నాకూ వేస్తుంది" అన్నాను. మర్నాడు ఆ అమ్మాయితో ఏం మాట్లాడాలో ఇద్దరం చాలాసేపు వెతుక్కున్నాం. ముందు ఆ పిల్ల పేరేమిటో అడుగుతానని చివరికి నిత్యే చెప్పింది.