కార్డుల వెనకవైపు

కార్ల కంపెనీలు కుదేలైన ఏడాది, నోవై ఊరికి ఇరవై నిమిషాల దూరంలో నాకు అమెరికాలో మొదటి ఉద్యోగం దొరికింది. ఇనుము కోసే బ్యాండ్‌సా యంత్రాలు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీ. పళ్లున్న బ్లేడు రెండు చక్రాల మీద పట్టీలా తిరుగుతూ ఉక్కు దిమ్మెను కోసేస్తుంది. తాత పెట్టిన కంపెనీని అప్పుడు మనవడు నడుపుతున్నాడు.

అమ్మిన ప్రతి యంత్రానికీ ఒక అట్ట కార్డు ఉండేది. ముందువైపు నంబరు, మోడలు, కొన్నవాళ్ల ఊరు టైపు చేసి ఉండేవి. ఎక్కడో పాత యంత్రం మొరాయిస్తే ఫోన్ వచ్చేది. నలభై ఏళ్లుగా స్పేర్ పార్ట్స్ ఫోన్ దగ్గరున్న పెద్దాయన సొరుగులోంచి కార్డు తీసి, ఏ పార్ట్ కావాలో చెప్పేవారు. "మా కంపెనీ చరిత్రంతా ఈ సొరుగుల్లోనే ఉంది" అని మురిసిపోయేవారు.

ఆ కార్డులన్నీ స్కాన్ చేయడం నా పని. అది పూర్తయితేనే నా హెచ్‌వన్ వీసాకి ఫైల్ చేస్తానన్నాడు ఓనరు. కార్డుల వెనక ఏవో పెన్సిల్ అంకెలు, గీతలు ఉన్నాయి. మా చదువుల్లో వెనక పేజీలో పెన్సిల్‌తో రాసిందంటే రఫ్ వర్కే, పేపరు దిద్దేవాడు కన్నెత్తి చూడడు. రూమ్మేట్‌ని అడిగాను.

"రఫ్ వర్క్ ఎవడు చూస్తడ్రా! ఫ్రంట్ స్కాన్ చేసి క్లోజ్ చేసెయ్" అన్నాడు.

నాకు కావాల్సిందీ ఆ మాటే. పది అడుగుల దూరంలో ఉన్న పెద్దాయనని మాత్రం అడగలేదు. అడిగితే పని రెట్టింపవుతుందని లోపల తెలుసు. అయిపోయిందని మెయిల్ పెట్టాను. మరుసటి వారం కార్డులన్నీ కాగితాలను తుక్కు చేసే బండిలోకి వెళ్లిపోయాయి.

ఆ తర్వాతి సోమవారం ఫోన్ మోగింది. పెద్దాయన కంప్యూటర్లో నంబరు కొట్టారు. కార్డు వచ్చింది.

"దీన్ని వెనక్కి ఎలా తిప్పాలి?" అని నన్ను అడిగారు.

ఆయన మౌస్‌ని అటూ ఇటూ జరిపి, కాసేపటికి ఆగిపోయారు. యంత్రం బిగించేటప్పుడు ఎక్కడ సరిపోక ఏ రేకు ముక్క పెట్టారో, ఏ రంధ్రం జరిపారో బిగించినవాళ్లు వెనక రాసుకునేవారట; అది చూస్తేనే ఏ పార్ట్ సరిపోతుందో తెలిసేదట. వాళ్లలో చాలామంది అప్పటికే చనిపోయారు. వాళ్లు రాసిందంతా నేను తుక్కు చేయించాను.

ఓనరు వచ్చి ఏమైందని అడిగాడు.

"ముందువైపు చాలని నేనే చెప్పాను" అన్నారు పెద్దాయన.

నేను కాదనలేదు. నా వీసా పిటిషన్ ఆ వారమే వెళ్లింది.

ఆయన లంచ్ మానేసి, గుర్తున్నదంతా పసుపు కాగితాల మీద రాయడం మొదలుపెట్టారు. అన్నీ గుర్తుండవు కదా. ఆయన పంపిన పార్టులు సరిపోక తిరిగొచ్చాయి. ఆయనకు వయసైపోయిందన్నారు ఆఫీసులో. వేసవిలో వీడ్కోలు కేక్ కోసి ఉద్యోగం నుంచి పంపించేశారు.

ఆ రోజు నా చేయి పట్టుకుని, "నీ వీసా వచ్చిందా?" అని అడిగారు.

"వచ్చింది."

"మంచిది. నాకు అదే బెంగగా ఉండేది."

తప్పు నాదేనని అందరి ముందూ చెప్పేద్దామనుకుంటూనే ఆయన వెంట పార్కింగ్ లాట్ దాకా వెళ్లాను. అక్కడ మేమిద్దరమే ఉన్నాం. ఆయన సామాను పెట్టె నేనే కార్లో పెట్టి, డోర్ వేసి, చెయ్యి ఊపి వచ్చేశాను.