తువ్వాలు వేసిన కుర్చీ

సౌదీలోని అల్ ఖోబర్‌లో సముద్రం వైపు ఉన్న మా రెస్టారెంటులో, పెద్ద ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న రోజున తలుపు దగ్గర ఒక బోర్డు పెడతాం. ఒక్కో మనిషి కనీసం ఇంతకు తినాలని ఆ బోర్డు చెబుతుంది. దాని కింద అరబ్బీలో, ఇంగ్లీషులో ఇంకో మాట ఉంటుంది: ఇప్పటికే కూర్చున్నవారికి పాత రేటే. ఆ మాట రాయించింది నేను. నా గొప్ప నేనే చెప్పుకుంటున్నాననుకుంటారేమో, అనుకోండి. ఇంకెవరూ చెప్పేలా లేరు మరి.

ఇక్కడ నేను కెప్టెన్‌ని. ఎవరిని ఏ టేబుల్ దగ్గర కూర్చోబెట్టాలో చూడటం నా పని. అంతకుముందు గోవాలో, నదిలో లంగరేసి ఉండే ఓడ మీద, కాసినోలో నాలుగేళ్లు పేకముక్కలు పంచాను. ఆ సంగతి సౌదీలో ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ జూదం నేరం. మా ఇంట్లో అంతకన్నా పెద్ద నేరం. పెళ్లిచూపుల్లో మా మేనమామ "అబ్బాయి గోవాలో పెద్ద హోటల్లో" అని చెప్పి గట్టెక్కించాడు. నేను కాదనలేదు.

చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాను గానీ, ఆ పని నాకు మహా బాగా వచ్చు. అక్కడ ప్రతి టేబుల్ మీదా చిన్న పలక ఉండేది. ఒక్క ఆటకు కనీసం ఎంత కాయాలో దాని మీద రాసి ఉండేది. శనివారం జనం పోటెత్తితే పైవాళ్లు ఆ కనీసాన్ని ఆట నడుస్తుండగానే పెంచేవారు. పెంచడం ఎవడికైనా వచ్చు, పలక మారిస్తే సరి. ఆడుతున్నవాడి మొహం చిన్నబోకుండా పెంచడంలోనే ఉంది పనితనం. ముక్కలు పంచాక మాట మార్చకూడదు. పెంచబోతున్నామని ముందే చెప్పాలి, అదీ ఒక మనిషిని చూసి కాదు, టేబుల్ మొత్తానికీ చెప్పాలి. కొత్తగా వచ్చినవాడికి కొత్త లెక్క, కూర్చున్నవాడికి లేచేదాకా పాత లెక్క. చిప్స్ అనే పందెం బిళ్లలు టేబుల్ మీదే ఉంచి సిగరెట్టుకో, ఫోనుకో బయటికి పోతే లేచినట్టు కాదు. ఆ కుర్చీ అతనిదే.

ఈ చివరి రూలు మొదటిరోజు విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. మన ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకోవడమే కదా ఇది! దీనికి ట్రైనింగు ఎందుకురా నాయనా అనుకున్నాను.

బోర్డు మీద ఆ మాట ఇంకా లేని రోజుల్లో, మ్యాచ్ ఉన్న ఒక గురువారం సాయంత్రం మా రెస్టారెంటుకి ఆరుగురు వచ్చారు. జగిత్యాల వైపువాళ్లు, ప్లాస్టరింగ్ పనివాళ్లు. ఉతికిన చొక్కాలు వేసుకున్నారు. వాళ్లలో పెద్దాయనకు ఎగ్జిట్ వచ్చింది. ఇరవై రెండేళ్ల తర్వాత ఇంటికి, ఇక తిరిగి రావడం లేదు. మిగతా ఐదుగురూ కలిసి ఆయనకు భోజనం పెట్టిస్తున్నారు. బయటి బోర్డు ఎవరిచేతనో చదివించుకుని, తలకు ముప్పై రియాళ్లని రూఢి చేసుకున్నాకే లోపలికొచ్చారు.

పెద్దాయన గోడ మీద అరచెయ్యి ఆనించి చూశాడు.

"ఇది మేం కొట్టిన ప్లాస్టరే తమ్మి," అన్నాడు నాతో. "బిల్డింగ్ లేశినప్పుడు ఈడ్నే ఆర్నెల్లు చేసినం. లోపట కూసుండి బుక్కెడు తింటమని ఎన్నడు అనుకోలే."

మ్యాచ్ చూపించే తెర బాగా కనబడే టేబుల్ ఇచ్చాను. అందరూ కలిసి తినేలా పెద్ద పళ్లెంలో మందీ, అంటే అరబ్బుల మాంసం అన్నం, చెప్పారు. చీటీ వంటింట్లోకి వెళ్లింది. ఇంటినుంచి ఫోనొస్తే, లోపల గోలకు వినబడక, పెద్దాయన భుజం మీది తువ్వాలు కుర్చీ మీద వేసి బయటికి వెళ్లాడు.

సరిగ్గా అప్పుడే మా మేనేజరు, ఈజిప్టు మనిషి, గబగబా వచ్చాడు. మ్యాచ్‌కి జనం విరగబడుతున్నారు. బోర్డు మీద ముప్పై చెరిపి అరవై రాయించాడు. తలుపు దగ్గర ఎనిమిది మంది కుర్రాళ్లు ఆ టేబుల్ వైపే చూస్తున్నారు.

"వాళ్లకు చెప్పు, అరవై. లేదంటే లేవమను," అన్నాడు.

"కూర్చున్నారు సార్. ఆర్డరు కూడా లోపలికెళ్లింది."

ఆయన కుర్చీలు చూశాడు. తెలివైనవాడు. "కూర్చున్నది ఐదుగురు. వాళ్లకు ముప్పైయే కానీ. ఆ ఆరోవాడు లేచిపోయాడుగా, వచ్చాక అరవై ఇవ్వాలి."

ఎవరి కోసం ఈ విందో, ఆయన్నే గుమ్మంలో ఆపి రేటు చెప్పాలన్నమాట! చెబితే ఆయన కూర్చోడు. "మీరు తినండ్రి, నాకు ఆకలి లేదు" అంటాడు. వాళ్లు తినరు. తాము ప్లాస్టర్ కొట్టిన గోడల మధ్యనుంచి ఆరుగురూ తలొంచుకుని వెళ్లిపోతారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఆ కుర్చీ ఖాళీగా లేదు సార్. తువ్వాలుంది."

"గుడ్డముక్క డబ్బులిస్తుందా? ఎక్కడి రూలు ఇది?"

ఆర్టీసీ బస్సు అని చెబితే ఆయనకేం అర్థమవుతుంది? అందుకని నిజమే చెప్పాను. ఏడేళ్లుగా దాచుకున్న మాట, హాలు మధ్యలో, గట్టిగానే వచ్చేసింది.

"కాసినో రూలు సార్. నాలుగేళ్లు చేశాను. డబ్బు కోసం దేనికైనా తెగించే చోటు అది. అక్కడ కూడా ఆట మధ్యలో రేటు పెంచి, కూర్చున్నవాణ్ని లేపరు."

పక్కనే నీళ్లు పోస్తున్న నేపాలీ వెయిటరు జగ్గు కింద పెట్టేశాడు. ఐదుగురూ నావైపు తిరిగారు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. అయినా చెప్పినందుకు కొంచెం కూడా బాధ కలగలేదు.

మేనేజరు నా దగ్గరికొచ్చాడు. "ఆ మాట మళ్లీ ఇక్కడ ఎత్తకు. మనం కాసినో కన్నా తక్కువేం కాదు," అన్నాడు మెల్లగా. తర్వాత పైకి, "ఖలాస్. ఆ టేబుల్‌కి పాత రేటే."

పెద్దాయన తిరిగొచ్చి, తువ్వాలు భుజాన వేసుకుని, తన కుర్చీలో కూర్చున్నాడు. మందీ వచ్చింది. పళ్లెంలో మెతుకు మిగలకుండా తిన్నారు. మ్యాచ్ ఎవరు గెలిచారో నేను చూడలేదు, వాళ్లనే చూస్తూ ఉన్నాను.

వెళ్లేటప్పుడు పెద్దాయన నా దగ్గర ఆగాడు. మిగతావాళ్లు అంతా చెప్పేసినట్టున్నారు.

"జూదంల పని చేసినవట గద తమ్మి?"

నా తల దానంతటదే వంగింది. "చేశానండి."

"మోసం జేసినవా?"

"ఒక్కనాడూ లేదండి."

"మరి తలకాయ ఎందుకు దించుతవ్?" అని, తువ్వాలు విప్పి రెండు చేతులతో నా భుజాల చుట్టూ కప్పాడు. "శాలువ గిట్ల లేదు. దీన్నే అనుకో."

ఐదుగురూ చప్పట్లు కొట్టారు. గోల్ పడిందేమోనని హాల్లో సగంమంది తెర వైపు చూశారు.

వాళ్లు వెళ్లాక మేనేజరు పరుగున వచ్చి నా భుజాల మీది తువ్వాలు చూపించాడు. "వాళ్లు మరిచిపోయారు. పో, తొందరగా ఇచ్చిరా."

"మరిచిపోలేదు సార్," అన్నాను. "ఇది నాదే."