తడి తగలని గది

ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు, ఒక ఆగస్టులో, నన్ను సౌదీలోని దమ్మామ్ ల్యాబ్ నుంచి అల్ అహ్సాలోని ఒక ఖర్జూరపు పాకం కంపెనీకి క్వాలిటీ ఇన్‌ఛార్జ్‌గా పంపారు. నాలుగు తరాలుగా ఒకే కుటుంబం చేతిలో ఉన్న కంపెనీ. ఎన్ని స్టీలు యంత్రాలు వచ్చినా మొదటి తరం కట్టిన గదిని వాళ్లు వదల్లేదు. దాని గచ్చులో సన్నటి కాలువలు చెక్కి ఉంటాయి. వాటిమీద ఖర్జూరాల బస్తాలు పైకప్పు దాకా పేరుస్తారు. వేసవి వేడికీ, పై బరువుకీ పాకం తనంతట తానే ఊరి, మూలనున్న జాడీలోకి దిగుతుంది. పొయ్యి అక్కర్లేదు.

యజమాని అబూ నాసర్ వయసులో పెద్దాయన. ఆ గదికి నీళ్లు తగలనివ్వొద్దని, ఖర్జూరపు చెట్టు నారతో పొడిగా తుడవాలని మొదటిరోజే చెప్పారు. ఎందుకని అడిగితే, మా నాన్న చెప్పాడు అన్నారు. నాకది వట్టి చాదస్తంగా తోచింది. తిండి తయారయ్యే చోటు కడగకపోవడమేమిటి? ఆయన మదీనా వెళ్లిన వారంలో, బస్తాలు పేర్చే ముందు గచ్చు కడగాలని నిబంధన రాసి, సంతకం చేసి గోడకు అంటించాను.

మూడు వారాలకు జాడీల్లో నురగ లేచింది. పరీక్షిస్తే ఆల్కహాల్ తేలింది. పాకం పులిసి మద్యం దారి పట్టిందన్నమాట. ఆ దేశంలో ఆ మాట బయటికి పొక్కితే కంపెనీకి తాళమే. మేనేజరుగా ఉన్న పెద్దాయన కొడుకు, గది చూసుకునే జగిత్యాల రాజన్నే ఏదో కలిపాడని తేల్చేశాడు. శిక్ష ఫైనల్ ఎగ్జిట్, అంటే వీసా రద్దు చేసి శాశ్వతంగా ఇంటికి పంపడం. కాగితాలకు పది రోజులు పడుతుంది.

రాజన్నను పిలిచి అడిగాను.

“నేనేం కలుపలే సార్. మీరు గోడకంటిచ్చిన కాయితంల ఉన్నట్టే కడిగిన. నన్ను పంపితె ఇంటికాడ ఏమని చెప్పాలె?”

నాకు తల కొట్టేసినట్టయింది. నిజం చెప్పాలంటే భయపడి ఒక పూట నోరు మెదపలేదు కూడా. తర్వాత మాత్రం వెనక్కి తగ్గదలచుకోలేదు. రుజువు లేకుండా చెబితే నమ్మరని, పాత సరుకులోని మంచి పాకం రెండు సీసాల్లో పోసి, ఒకదాని పైన నాలుగు చెంచాల నీళ్లు వదిలాను. చిక్కటి పాకం పులియదు. నీళ్లు కలిసి పలచబడిన చోటే పులవడం మొదలవుతుంది. గచ్చు కాలువల్లో మిగిలిన తడి అదే చేసి ఉండాలి. ఎనిమిదో రోజుకు నీళ్లు తగిలిన సీసా నురగ కట్టింది.

రెండు సీసాలూ, గోడమీది కాగితమూ పట్టుకుని మేనేజరు గదికి వెళ్లాను. పెద్దాయన అప్పటికే తిరిగొచ్చి అక్కడే ఉన్నారు. ఈ పని చేయించింది నేను, సంతకం నాది, పంపితే నన్ను పంపండి అన్నాను. మేనేజరు మండిపడ్డాడు. పెద్దాయన రెండు సీసాలనూ పక్కపక్కన పెట్టి చూశారు. మా నాన్న కారణం చెప్పలేదు, నువ్వు చూపించావు, కానీ సరుకు పాడయ్యాక అన్నారు.

రాజన్న ఎగ్జిట్ ఆగింది. నాకు హెచ్చరిక లేఖ ఇచ్చారు. సంతకం చేసి తీసుకున్నాను.

పాత పద్ధతిని మార్చకూడదని నేననను. అదెందుకుందో కనుక్కోకుండా మార్చకూడదు. మార్చి చెడగొట్టినప్పుడు, కాగితం మీద ఎవరి పేరుంటే వాళ్లే ముందు నిలబడాలి. నేను ఆలస్యంగానే నిలబడ్డాను.