వెంకటశేషమ్మను తిప్పే చేతులు

గంగాభవాని పులికాట్ ఒడ్డున వలలు లాగే ఇంట పుట్టిన మనిషి. బరువులు ఆమెకు కొత్త కాదు. అయినా అల్లూరు అవతల రొయ్యల గుంటల మధ్య ఉన్న ఆ వృద్ధాశ్రమంలో వెంకటశేషమ్మకు పక్క మార్చే వేళయితే చాలు, ఆమె గుండె జారిపోయేది.

ఎనిమిదేళ్ల కిందట గంగాభవాని పనిలో చేరినప్పుడు అక్కడ ఆమెతో కలిపి నలుగురు ఆయాలు. ముగ్గురు ఒకరి వెనక ఒకరు మానేశారు. వాళ్ల చోట మనుషుల్ని పెట్టమంటే మేనేజరు గిరిబాబు "చూద్దాంలే" అన్నాడు. ఏడాది నుంచీ చూస్తూనే ఉన్నాడు మహానుభావుడు! ఇరవై రెండు మంచాలకు ఒక్క ఆయా. దేవుడికి అప్పజెప్పినా రెండో రోజే దండం పెట్టి పారిపోతాడు.

వెంకటశేషమ్మది భారీ శరీరం. కాళ్లు పడిపోయి మంచం పట్టింది. రెండు గంటలకోసారి భుజం దగ్గర ఒకరు, నడుం దగ్గర ఒకరు ఎత్తి తిప్పాలి. ఒక్కతే అయితే ఈడ్వడం తప్ప గతిలేదు. ఈడిస్తే చర్మం దుప్పటికి ఒరుసుకుంటుంది. అట్లా ఒరుసుకునీ ఒరుసుకునీ నడుం కింద పుండు పడి, అరచెయ్యంత అయింది. తన చేతులు చేసిన పుండే కదా అని, కడిగినప్పుడల్లా గంగాభవాని ఏడ్చేది.

"పెద్దాసుపత్రికి పంపించండి సార్" అని అడిగితే, "పక్కన ఎవరుంటారు? నువ్వు పోతే ఈడ ఎవరు చేస్తారు?" అన్నాడు గిరిబాబు.

ఇంతలో జిల్లా ఆఫీసు నుంచి అధికారి రేవతి మేడమ్ తనిఖీకి వస్తోందని తెలిసింది. ఏమైనా కానీ, ఆ పుండు ఆమె కళ్లబడాలని గంగాభవాని గట్టిగా అనుకుంది.

ఆ రోజు పొద్దున్నే వ్యానులో నలుగురు ఆడవాళ్లు కొత్త నీలం చీరల్లో దిగారు. రొయ్యలు వొలిచే షెడ్డు నుంచి గిరిబాబు తెప్పించిన మనుషులు.

"ఏం చెయ్యాలో చెప్పక్కా. ఈ ఒక్క పూటకే అన్నాడు మీ సారు" అంది వాళ్లలో నాగులమ్మ.

వద్దనడానికి నోరెట్లా వస్తుంది? అయిదుగురూ కలిసి వెంకటశేషమ్మను పువ్వులా ఎత్తారు. తలకు నీళ్లు పోశారు, పుండుకు కట్టు మార్చారు, ఉతికిన దుప్పటి పరిచారు, తల దువ్వి జడేశారు. ముసలామె ముఖం కళకళలాడింది.

రేవతి మేడమ్ వచ్చింది. వెనక గిరిబాబు, ఫొటోలు తీసే గుమాస్తా. గంగాభవాని ముందుకొచ్చింది.

"మేడమ్, ఒక్కసారి అమ్మ వీపు చూడండి."

"ఛీ, ఊరుకోవే! మొగోళ్ల ముందర వీపు చూపించేదేంది? సిగ్గులేదా నీకు?" అని కసిరింది వెంకటశేషమ్మ. మేడమ్ వైపు తిరిగి నవ్వింది. "దాని మాటలు పట్టించుకోబాక తల్లీ. నాకేం లోటు లేదు. కొత్త బిడ్డల్ని పెట్టినారు, బంగారు తల్లులు. కాఫీ తాగినావా నువ్వు?"

గిరిబాబు మధ్యలో అందుకున్నాడు. "చిన్న పుండండీ, ఇప్పుడే కట్టు మార్చారు."

"ఆమెను ఇబ్బంది పెట్టొద్దులే" అని రేవతి మేడమ్ ముసలామె చెయ్యి నిమిరి, పక్క మంచం దగ్గరికి నడిచింది. మేడమ్, మొగవాళ్లను బయటికి పంపించి చూడండి అనాలని గంగాభవానికి నాలుక చివరిదాకా వచ్చింది. గిరిబాబు ఆమెనే చూస్తున్నాడు. ఆమె ముసలామె దుప్పటి సర్ది పక్కకు తప్పుకుంది.

మూడింటికి మేడమ్ కారు పోయింది. ఆ వెనకే నీలం చీరల నలుగురినీ ఎక్కించుకుని వ్యానూ పోయింది. నాలుగింటికి పక్క మార్చే వేళయింది.

"ఆ పిల్లల్ని పిలవ్వే గంగా" అంది వెంకటశేషమ్మ. "ఎన్నాళ్లకు నొప్పి తెలీకుండా తిప్పినారు!"

"ఇళ్లకు పోయినారమ్మా."

"అట్టనా. రేపు ఎన్నింటికొస్తారు?"

"పొద్దున్నే వస్తారు" అంది గంగాభవాని. రెండు చేతులూ ముసలామె నడుం కింద దూర్చి, కళ్లు మూసుకుని, ఈడ్చింది.