సున్నా చూడని సూది

ఆ రోజుల్లో చేతిలో సర్కారు పరికరం ఒకటి ఉంటే చాలు, మనిషికి కళ్లు నెత్తికెక్కేవి. నాకు ఇరవై రెండో ఏటనే ఎక్కాయి. కర్నూలులో కరెంటు మీటర్లు సరిచూసే గదిలో కొత్తగా చేరాను. తీగల తొడుగు గట్టిగా ఉందో లేదో చెప్పే మెగ్గరు పెట్టెను భుజాన వేసుకుని బజారులో (పని లేకపోయినా) తిరిగేవాణ్ణి. మా పెద్ద టెస్టరును అందరూ సున్నా సాయిబు అనేవారు. మెగ్గరు తీగల కొసలు రెండూ కలిపి పిడి తిప్పితే సూది సున్నాకు రావాలి. అది చూడనిదే ఆయన టీ కూడా తాగడు. "ముందు సున్నా చూడప్పా, ఆమీట లోకాన్ని చూద్దువు" అనేవాడు. ముసలాయన చాదస్తం అనుకున్నాను.

బేతంచెర్లలో కొత్తగా పెట్టిన బండలు కోసే షెడ్డుకు నన్ను ఒక్కణ్ణే పంపారు. సున్నా చూడలేదు. ఎక్కడ పెట్టినా సూది ఎగిరి సున్నాకు దూరంగా ఆ చివర కూర్చుంది, అంటే తీగలన్నీ భేషు. సంతకం పెట్టి, యజమాని ఇచ్చిన మజ్జిగ తాగి వచ్చాను.

మర్నాడు పొద్దున సాయిబు ఆ పెట్టె తీసి, కొసలు కలిపి తిప్పాడు. సూది ఆ చివరి నుంచి కదల్లేదు. "దీని తీగ లోపల తెగిండాది. గోడకు పెట్టినా గొడ్డుకు పెట్టినా శానా బాగుండాదనే చెప్తాది. యాడికి తీసుకపోయినావప్పా?" చెప్పాను. మధ్యాహ్నమే అక్కడ కరెంటు ఇస్తారు. బండలు కోసేవాళ్లు నీళ్లలో వట్టికాళ్లతో నిలబడతారు. నా పైప్రాణాలు పైనే పోయాయి.

మంచి మెగ్గరు ఒళ్లో పెట్టుకుని సాయిబు, పక్కన నేను, ఒక ఖాళీ లారీలో బయలుదేరాం. దారిలో ఆయన రెండుసార్లు కొసలు కలిపి సున్నా చూసుకున్నాడు. తిట్టినా బాగుండేది. ఒంటిమిట్ట రాముడికి గుండు మొక్కుకున్నాను. డ్రైవరు బీడీ కోసం బండి ఆపినప్పుడు పొర్లుదండాలు కూడా కలిపాను.

మేం చేరేసరికి కొబ్బరికాయ కొట్టేశారు. నలుగురు మనుషులు నీళ్లలో నిలబడి ఉన్నారు. యజమాని చెయ్యి స్విచ్చు మీద ఉంది. పరుగెత్తి, అందిన ఆయన పంచె పట్టుకుని లాగాను. అది ఊడి వచ్చింది. ఆయన స్విచ్చు వదిలేసి రెండు చేతులా పంచె పట్టుకున్నాడు. "ఏమప్పా! నిన్న అంతా భేషని పోతివి, ఈ పొద్దు నా మానం తీస్తాండావే!"

సాయిబు ముందు సున్నా చూశాడు. తర్వాత కోత మిషను తీగకు పెట్టి తిప్పాడు. సూది సున్నాకు పడి అక్కడే ఉండిపోయింది. తీగ మిషను ఇనుముకు తగులుతోందని ఆయన చెప్పగానే, నీళ్లలోని నలుగురూ ఒక్కొక్కరే గట్టెక్కారు.

సాయిబు నా మీద పైఅధికారులకు రాయలేదు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ డాక్టరమ్మ నా రక్తపోటు చూడబోతే, పట్టీ కట్టకముందే సూది సున్నా మీద ఉందా అని తొంగి చూస్తాను. "భయమా తాతా?" అని నవ్వుతుంది. అవును తల్లీ, భయమే. ఇరవై రెండో ఏట నాకది ఉండి ఉంటే, ఒక పెద్దమనిషి పంచె నిలిచేది.